తుఫాను వెళ్లిపోయిందని ఒక్కసారి మైకులో చెప్పించండి

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తుఫాను హెచ్చరికను మైకు ద్వారా ఉపసంహరించి, మా నాన్నగారిని ఇంట్లోంచి విడుదల చేయించుట గురించి.

మార్కెట్ వీధిలో దర్జీ పని చేసుకొను నేను విన్నవించుకొనునది ఏమనగా, తొమ్మిది రోజుల క్రితం తమ మైకు బండి మా వీధికి వచ్చి, "మళ్ళీ ప్రకటించే వరకు ఎవరూ ఇళ్ళలోంచి బయటికి రావద్దు" అని చాటినది. తుఫాను మర్నాడే పోయినది. బండిలోని మైకు సెట్టు నీళ్ళు తాగి మూలబడినది. బడులు, పార్కు తెరిచినట్లు తమ ఆఫీసు గోడకు నోటీసు అంటించినారు. ఊరంతా తిరుగుచున్నది, మా ఇల్లు తప్ప.

కారణం మా నాన్నగారు. ముప్పై ఏళ్ళు తమ బండిలోనే మైకు పట్టుకొని రిటైరైన మనిషి. "మైకులో చెప్పింది మైకులోనే రద్దు కావాలిరా. గోడ మీద కాగితం ఆఫీసు వాళ్ళకి" అంటారు. వీధి తలుపు తాళంచెవి ఆయన జేబులో ఉన్నది.

ఇందువలన కలుగుచున్న ఇబ్బందులు:

1. కిటికీలకు దూరంగా ఉండమన్నారు గనుక మంచాలన్నీ వంటింట్లోకి చేరినవి. నా భార్య స్టవ్ వెలిగించాలంటే ముందు నన్ను నిద్ర లేపాలి.

2. ముఖ్యమైనవి ప్లాస్టిక్ కవర్లో భద్రపరచమన్నారు. నాన్నగారు ఇంటి కాగితాలతో పాటు నా కళ్ళజోడును, టీవీ రిమోటును కూడా ముఖ్యమైనవిగా గుర్తించి మూట కట్టినారు. ఈ అర్జీ కళ్ళజోడు లేకుండానే రాస్తున్నాను, తప్పులుంటే మన్నించగలరు.

3. "ఎండ కాస్తోంది నాన్నా" అన్నాను. "వదంతులు నమ్మొద్దన్నారు" అన్నారు.

"వదంతేంటి? నా బట్టతల కాలిపోతోంది!"

"మున్సిపాలిటీ చెప్పిందా?"

4. నలభై ఎనిమిదేళ్ళ వయసులో పెరటి గోడ దూకి షాపుకు వెళ్తున్నాను. నా భార్య గోడ మీదుగా టిఫిన్ క్యారియరు అందిస్తుంటే పక్కింటావిడ చూసి, "ఈ వయసులో లేచిపోతున్నారా ఏంటి?" అని అడిగినది.

5. ఇది మాత్రం నవ్వే విషయం కాదయ్యా. తుఫాను రోజునే నా చెల్లెలు ఆడపిల్లను కన్నది. నాన్నకు మొదటి మనవరాలు. బరువు తక్కువని పిల్లను ఇంకా ఆసుపత్రిలోనే ఉంచారు. ఆసుపత్రి మాకు రెండు వీధుల అవతల. నాన్న రోజూ ఫోనులో పిల్ల ఏడుపు వింటారు, తాను ఒక్క మాటా మాట్లాడరు. తర్వాత తలుపు దాకా వెళ్ళి, తాళం ఒకసారి పట్టుకు చూసి, వెనక్కి వచ్చేస్తారు. చూడలేకపోతున్నాను.

మొండితనం అనుకోకండి. పద్దెనిమిదేళ్ళ క్రితం ఒక తుఫానులో గాలి ఆగింది కదా అని, ఆర్డరు రాకముందే, "ఇక బయటికి రావచ్చు" అని నాన్నే మైకులో చెప్పేశారు. గంట తిరక్కుండా గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. తోపుడు బండి మనిషి మీద ఒక షాపు బోర్డు పడి కాలు విరిగింది. "మీ గొంతు విని వచ్చాను సార్" అన్నాడట అతను. అతను ఇప్పటికీ కుంటుతూ వచ్చి నాన్నను పలకరిస్తాడు. నాన్నే తల దించుకుంటారు.

కావున తమరు మైకు సెట్టు ఎక్కడినుంచైనా తెప్పించి, ఆ ఒక్క వాక్యం మా వీధిలో చెప్పించవలసినదిగా కోరుచున్నాను. విసుక్కోకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మార్కెట్ వీధి దర్జీ
(ప్రస్తుతం రాకపోకలు పెరటి గోడ మీదుగా)

తా.క.: తప్పులు దిద్దమని దీన్ని నాన్నకే ఇచ్చాను. ఐదో అంశాన్ని మళ్ళీ చదివారు. తర్వాత కింద తన చేత్తో ఇలా రాశారు:

"కమిషనర్ గారూ, ఇప్పుడు బండిలో తిరిగే మనిషి గొంతు వెనక వీధికి వినపడదు. ఆర్డరు కాగితం ఇచ్చి బండిని మా గుమ్మంలోకి పంపండి, నేనే చెబుతాను. ముందు ఆసుపత్రి వైపు పోనివ్వాలి. అక్కడ సౌండు తగ్గించాలన్న రూలు నాకు గుర్తుంది. నా మనవరాలు నా నోట వినే మొదటి మాట 'ఇక బయటికి రావచ్చు' అని కావాలి. ఈసారి ఆర్డరు రెండుసార్లు చదువుకున్నాకే చెబుతాను."