పొయ్యిలో వేసిన ఉత్తరం

ద్రాక్షకోత నెల, మూడో రోజు

నా రాత బాగుండదు. తప్పులకు మన్నించాలి. పెళ్లయ్యాక రెండు చలికాలాలు మా ఆయన నేర్పిన గుర్తులే నాకు వచ్చు. పచ్చి మట్టిపలక మీద పుల్లతో గుచ్చితే ఒక్కటీ నిటారుగా నిలబడదు. ఎవరికీ చూపడానికి కాదు. భయం చెప్పుకునే చోటు లేక రాస్తున్నాను.

ఆయన ఉత్తరం వచ్చింది, ఇలాంటి పచ్చి మట్టిపలకే. నది రేవు దగ్గర పది రోజులు ఆగుతారట. తగరం, బట్టలు మోసే గాడిదలతో ఈసారి కోటగుమ్మం దారిన రారట. రాజు సుంకం తప్పించుకుని కొండ వెనక సన్నదారిన వస్తారట. గాడిదలు అరవకుండా మూతులు కట్టేస్తారట. ఎవరికీ చెప్పవద్దన్నారు.

ఐదో రోజు

పక్కవీధి వర్తకుడు ఊసూర్‌ని పట్టుకుపోయారు. అదే సన్నదారి. కోట కింద చీకటికొట్లో వేశారట. ఇప్పుడు ఆ దారి సంగతి రాసిన ఉత్తరాల కోసం రాజు సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు.

రాజుకి ఇంత కోపమెందుకని అత్తయ్యని అడిగాను. ఆవిడ మగ్గం ఆపలేదు. నేను ఈ కనేష్‌కి కోడలిగా వచ్చేనాటికి ఈ ఊళ్లో గాడిదల్ని కట్టే గుంజలు తప్ప ఏముందే పిల్లా అంది. గాడిద ఆగింది కాబట్టి మనిషి ఆగాడు, మనిషికి రొట్టె కావాలి, రొట్టెకి పొయ్యి, పొయ్యికి ఇల్లు. మన సుంకంతోనే ఆయనగారు కోటగోడ కట్టుకుని రాజయ్యాడు. రేపు గాడిదలు ఆగకుండా పోతే ఈ ఊరుంటుందా, గోడుంటుందా అంది.

ఉత్తరం సంగతి ఆవిడకి చెప్పలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

వీధి చివర సైనికులు. ఉత్తరాన్ని పొయ్యిలో వేసేశాను.

అదే రోజు, సాయంత్రం

ఈరోజు మా ఇంటిదాకా రాలేదు.

మా పుట్టింటి కొండల్లో వద్దనుకున్నదేదైనా నిప్పులో వేస్తాం. చెయ్యి దానంతటదే వేసింది. అత్తయ్య బూడిద కెలికి బయటికి తీసింది. ఎర్రగా, రాయిలా ఉంది. ప్రతి గుర్తూ ఇంకా తేటగా కనబడుతోంది.

అంతా చెప్పేశాను. వెర్రి మొహమా, కుండలు ఎలా అవుతాయనుకున్నావే, నీళ్లతొట్టిలో పడేసి ఉంటే ఈపాటికి బురదయ్యేది కదా అంది. పోనీలే, మావాడి రాత ఇంత గట్టిగా ఎప్పుడూ లేదు అని నవ్వింది కూడా.

పగలగొడితే చప్పుడు వీధిలోకి పోతుందని, ఇద్దరం దాన్ని రొట్టెలు అంటించి కాల్చే పొయ్యి లోపలి గోడకి అతికించి, పైన బంకమట్టి మెత్తాం.

ఆరో రోజు

వచ్చారు. బుట్టలో ఉన్న పలకలన్నీ తమ రాతగాడితో చదివించారు. నేను రాసే ఈ పలకల్ని పిండికుండ అడుగున దాచాను. ఏమీ దొరకలేదు.

వాళ్లలో ఒక ముసలి సైనికుడు ఆకలన్నాడు. ఆ పొయ్యిలోనే రొట్టె కాల్చాల్సి వచ్చింది. వేడికి కొత్త మట్టి పగిలి, మూల నుంచి ఎర్రటి అంచు కనబడింది. అత్తయ్య దాని మీద ఇంకో రొట్టె అంటించింది.

తింటూ ఆ ముసలాయనే చెప్పాడు. సన్నదారి మీద పన్నెండు మందిమి కాపున్నామమ్మా, చీమ కూడా దాటదు.

ఏడో రోజు

ఆ దారిన రావద్దని ఆయనకి ఎవరితోనైనా రాయిస్తే వాళ్ల నోరు మూయలేం. అత్తయ్యకి రాత రాదు. నేనే రాశాను. ఆయనకి నేను రాసిన మొదటి ఉత్తరం. దొరికినా ఎవరికీ అనుమానం రాకూడదు. అందుకని ఇంతే రాశాను: మన నల్లగాడిద అరుపు వినాలని ఉంది. దాని మూతి కట్టకండి. దాని మూడు ఎక్కిళ్లు, ఒక పొడుగు కూత, కోటగుమ్మం దగ్గరే వినబడాలి.

మొగుణ్ణి వదిలేసి గాడిదని తలుచుకుంటున్నావేమే అంది అత్తయ్య. తూర్పున నది వైపు వెళ్లే వర్తకుల బిడారుతో పంపాం. ఆయన బయలుదేరేలోగా అందాలి.

పన్నెండో రోజు

ఏ కబురూ లేదు.

పదిహేనో రోజు

కొండ మీంచి ఎవరినో కట్టి తెచ్చారు. తల మీద ముసుగు. జనం వెనక నిలబడి చెప్పులు చూశాను. ఆయనవి కావనుకుంటున్నాను. దుమ్ములో అన్ని చెప్పులూ ఒకలాగే ఉన్నాయి.

పదహారో రోజు

కోటగుమ్మం వైపు గాడిద అరిచింది. మూడు ఎక్కిళ్లు. ఒక పొడుగు కూత.

అత్తయ్య మగ్గం ఆగింది.

ఈ పలకలు దొరికినవాళ్లు నీళ్లలో వేయండి. కాల్చకండి.