మేడ ముందు వాకిలి

1998 డిసెంబరు 12, శనివారం

కంకిపాడు దగ్గరి జమీందారు మేడ ఈ సాయంత్రం కళాకేంద్రమైంది. నేను పోట్లాటకే వెళ్లాను. దొర మేడకు సున్నం కొట్టి సంస్కృతి అంటే సరిపోతుందా, కూల్చెయ్యండి అని వ్యాసం కూడా సగం రాసి ఉంచాను.

బుర్రకథ చెప్పే మంగమ్మగారిని కేంద్రం కార్యదర్శి వాకిట్లోనే ఆపాడు. "కళాకారులు దొడ్డిగుమ్మం నుంచి రావాలండీ. ఇక్కడ మొదట్నుంచీ అంతే. ఈ గుమ్మం అతిథులకి."

సిగ్గు లేదూ! నేను నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది. "మా అమ్మ ఆ గుమ్మంలోంచే వచ్చి, కథ చెప్పి, అట్నుంచే పోయిందండీ. నేన్రాను. కథ మీ అతిథుల్నే చెప్పమనండి."

అని అరుగు మీదే కూర్చుని గజ్జెలు కట్టుకుంది. వెంట వచ్చిన వంతలిద్దరూ గుమ్మెటలు మోగించారు, ఆవిడ అక్కడే కథ ఎత్తుకుంది. లోపల కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచొచ్చి మెట్ల మీద చేరారు. చివరికి కార్యదర్శే, "లోపలికి రండమ్మా, ఇటే రండి" అంటూ తలుపులు బార్లా తీశాడు.

కూల్చేసి ఉంటే ఆవిడ ఇవాళ ఏ గుమ్మం దాటేది? ఈ ప్రశ్నకు నా వ్యాసంలో జవాబు లేదు. 'కూల్చెయ్యండి' కొట్టేసి, 'ఆ తలుపులు ఎవరికీ మూయకండి' అని రాశాను. మూయరనే అనిపిస్తోంది. అయినా వచ్చే శనివారం వెళ్లి చూడాలి. మూసి ఉంటే మాత్రం...