నాలుగు చక్రాలూ లాగే బండి

ప్రియమైన అల్లుడికి,

అల్లుణ్ణి ‘మీరు’ అనాలని మీ అత్తయ్య ఎప్పటినుంచో పోరు పెడుతోంది. నా పక్కన కూర్చుని మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నవాణ్ణి మీరు, తమరు అనడం నావల్ల కాదు. నువ్వు అనే అంటాను. కోపం వస్తే అది కూడా ఉత్తరంలో రాయి.

అమ్మాయి వానలు మొదలైనప్పుడు మా ఇంటికొచ్చింది, ఇప్పుడు చలి ముదిరింది. విడాకుల కాగితాలు లాయరు దగ్గర్నుంచి తెచ్చి అలమరలో పెట్టుకుంది. నీకింకా పంపలేదు. పంపలేదంటే మనసు అటూ ఇటూ ఊగుతోందనే నా లెక్క. నా లెక్కలు ఎప్పుడూ తప్పుతాయని మీ అత్తయ్య అంటుంది, అది వేరే సంగతి.

అసలు విషయానికొస్తాను. మన రిమోట్ కారు నీ దగ్గరే ఉంది కదా. నువ్వు బిగించడం, అమ్మాయి నడపడం, నేను పక్కన నిలబడి సలహాలు చెప్పి ఇద్దరి చేతా చీవాట్లు తినడం. ఆ ఆదివారాలు తలుచుకుంటే మనసు ఎలాగో అయిపోతుంది. పోయినసారి పందెంలో బురద మలుపు దగ్గర బండి గిర్రున తిరిగిపోయింది. వెనక చక్రాలు మాత్రమే లాగే బండి జారుడు నేల మీద అలాగే చేస్తుంది. “నాలుగు చక్రాలూ లాగే బండి ఇవ్వండి, అప్పుడు చూపిస్తా” అంది అమ్మాయి. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు.

చలికాలం చివర్లో మళ్ళీ పందెం ఉంది. పాత సామాన్ల దుకాణంలో అదే రకం బండి ఒకటి విరిగి పడి ఉంటే కొన్నాను. దాని ముందు గేరు పెట్టె, ఇరుసులు, మధ్యలో వేసే పొడుగు షాఫ్టు ఈ పార్సిల్లో పెట్టాను. బిగించు. బస్సుల డిపోలో గేరు పెట్టెలు విప్పుతూ ముసలాణ్ణయ్యాను, నీకు దారి చూపించలేనా? ఊరందరి నోళ్ళకీ కట్టుడు పళ్ళు చేసేవాడివి, గేరు పళ్ళు నీకొక లెక్కా?

బండి తయారైతే అమ్మాయిని నేను తీసుకొస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారం. పార్సిల్ అందింది. భోంచేసే బల్ల మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. నేనొక్కణ్ణే కాబట్టి అడిగేవాళ్ళు లేరు. వంటింట్లో నిలబడే తినేస్తున్నాను.

షాఫ్టు కొంచెం పొడుగైతే ల్యాబుకి తీసుకెళ్ళి, పళ్ళు అరగదీసే మిషను మీద కోశాను. మా యజమాని చూసి “ఇదెవరి దవడకయ్యా?” అన్నాడు.

అన్నీ బిగించాను గానీ బండి కదలట్లేదు. ఎత్తి పట్టుకుంటే నాలుగు చక్రాలూ గిరగిరా తిరుగుతాయి. నేల మీద పెడితే ఉన్నచోటే వణుకుతుంది, లోపల కటకటమని చప్పుడు. మోటారు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. పందెంలోగా అవుతుందంటారా? ఈ బండి పరిగెత్తకపోతే, తనని రమ్మని అడగడానికి నాకింకో దారి లేదు.

తను బాగుందా?

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడికి,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ లాగుడు పంచే డిఫరెన్షియల్ ఉంటుంది చూడు, ముందు గేరు పెట్టెలో దాన్ని తిరగేసి పెట్టావు. దాని పెద్ద గేరు ఒకవైపు ఉండాల్సింది రెండోవైపుకొచ్చింది. వెనక చక్రాలు ముందుకి లాగుతుంటే ముందు చక్రాలు వెనక్కి లాగుతున్నాయి. బండి పాపం ఎటు పోతుంది? చక్రాలు తిరుగుతున్నాయని సంబరపడ్డావు గానీ ఎటు తిరుగుతున్నాయో చూశావా?

విప్పి అటుది ఇటు పెట్టు. తర్వాత మోటారు గేరుకీ దాని పక్క గేరుకీ మధ్య సన్న కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి మోటారు బిగించు. గేరు తిప్పుతూ కాగితాన్ని బయటికి లాగు. ముడతలు పడాలి గానీ చిరగకూడదు, అంత సందు చాలు. ఈ ఉత్తరం అంచు ఖాళీగా వదిలాను, అదే కత్తిరించుకో.

అమ్మాయి బాగానే ఉంది. మా ఇంట్లో పోస్టు తనే తీసుకొస్తుంది. మొన్న నీ దస్తూరి చూసి, కవరు కాసేపు చేతిలో పట్టుకుని, నా మంచం మీద పెట్టి వెళ్ళింది. విసిరెయ్యలేదు. నాకైతే ఆశ పుట్టింది. పందెం మాటెత్తితే “వస్తాను” అంది. అతనికి లేనిపోని ఆశలు పెట్టొద్దని మీ అత్తయ్య నన్ను కసురుతోంది.

ఆశీస్సులతో,
మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

బండి కదిలింది! కాగితం ముడతలు ముడతలుగా వచ్చింది, ఎక్కడా చిరగలేదు. దిండ్లు పేర్చి ఎక్కించాను. స్నానాల గదిలో సబ్బునీళ్ళు పోసి మలుపు తిప్పాను. జారలేదు.

ఇల్లంతా కడిగాను. తన బట్టల అలమర తలుపు కీచుమంటోందని ఎన్నిసార్లో చెప్పింది, దానికి నూనె వేశాను. తనతో ఏం మాట్లాడాలో మాత్రం తోచట్లేదు. ముందు రిమోట్ చేతికిస్తాను. బండి నడిస్తే మాటలు వాటంతటవే వస్తాయని ధైర్యం చెప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళకి కాస్త నిద్ర పడుతోంది.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడికి,

పందెం రోజున జ్వరం వచ్చి నేను లేవలేకపోయాను, అమ్మాయి ఒక్కతే వచ్చింది. నీకు తెలిసిందే.

సాయంత్రం తిరిగొచ్చి చేతులు కడుక్కుని, “బండి మొదటొచ్చింది నాన్నా” అని చెప్పి గది తలుపు వేసుకుంది. గెలిచినదాని మొహంలా లేదు. ఏం జరిగింది? నువ్వేమో ఉత్తరం రాయవు. దాచకుండా రాయి.

మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

గెలిచాం. బురద మలుపు దగ్గర అందరి బళ్ళూ బొంగరాల్లా తిరిగాయి, మనది మాత్రం చక్కగా పోయింది. నేను గొంతు పోయేలా అరిచాను. తను నవ్వింది. ఆ నవ్వు చూసి గట్టెక్కాననే అనుకున్నాను.

అందరూ వెళ్ళాక మెట్ల మీద కూర్చున్నాం. ఇంకేమైనా మార్చాలా అని అడిగాను. “ఏమీ వద్దు. చాలా బాగా చేశావు” అంది. ఎగతాళి కాదు, మనసారా అంది. తర్వాత సంచిలోంచి ఆ కాగితాలు తీసింది.

ఎందుకని అడిగాను. తను కోప్పడలేదు. “బండికేమైందని నాన్నకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశావు. నీకేమైందని నాకొక్కటి రాయలేదు. పోస్టు తెచ్చేది నేనే కదా. ప్రతిసారీ కవరు మీద నా పేరుందేమోనని చూసేదాన్ని. చూసీచూసీ ఆ బాధ కూడా పోయింది. పోయింది కాబట్టే ఇవాళ నీ ఎదురుగా కూర్చోగలిగాను” అంది.

తన పెన్నే ఇచ్చింది. సంతకం పెట్టాను.

బండిలో ఏదైనా విరిగి ఉంటే మీకు వెంటనే రాసేవాణ్ణి. ఏదీ విరగలేదు. ల్యాబుకి వెళ్తున్నాను, వస్తున్నాను, పడుకుంటున్నాను. ఏం చెయ్యాలో తెలియట్లేదు మామయ్యగారూ. ఇప్పుడు తనకి రాయొచ్చా? మీరు రాయమంటే రాస్తాను.

మీ అల్లుడు

*

ప్రియమైన బాబుకి,

రాయొచ్చా అని కూడా నన్నే అడిగావు.

నిన్ను అని ఏం లాభం? అమ్మాయి పక్క గదిలో ఉంటే నేను నీకు గేర్ల సంగతి రాసుకుంటూ కూర్చున్నాను. నీకేమైందమ్మా అని నేనూ అడగలేదు. మీ అత్తయ్య అడిగింది. తనకి అమ్మాయి సంగతి అంతా తెలుసు, నాకు నీ బండి సంగతి తెలుసు.

నిన్న అడిగాను. అతనిప్పుడు రాస్తే చదువుతావా అని. “చదవను నాన్నా” అంది. విసుక్కోలేదు. కూరలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది. ఏడ్చినా, తిట్టినా నీకు రాయమనే చెప్పేవాణ్ణి. కాబట్టి రాయకు. కాగితాలు కోర్టుకి వెళ్ళిపోయాయి.

నాకు కొడుకులు లేరు. నీతో కూర్చుని పని చెయ్యడం నాకు చాలా ఇష్టంగా ఉండేది, అది చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆ ఇష్టం కొద్దీ అమ్మాయి నీ దగ్గరికి వచ్చేస్తుందని నీకు రాశానో, నిజంగానే అలా నమ్మానో, ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలియట్లేదు. వేళకి తిను. మీ అత్తయ్య కూడా అదే చెప్పమంది.

నాకు కూడా ఇక రాయకు. నా కూతురు ఆ గదిలో ఉండగా నీ ఉత్తరం కోసం ఎదురు చూడకూడదు. వస్తే చదవకుండా ఉండలేను.

ఉంటాను.