నాన్న కట్టిన ఓడ

స్టర్జన్ బే, నవంబరు 1886

నాన్నా, పేపరు చూసి బెంబేలు పడకు, మేమందరం క్షేమం. నువ్వు కట్టిన మన ఓడ ‘డాగ్నీ’ మాత్రం ఇక లేదు. కలప వేసుకుని వస్తుంటే మంచు తుపాను మమ్మల్ని మిషిగన్ సరస్సులో ఒక రాతిగుట్ట మీదికి విసిరింది. తెరచాప కొయ్యలు విరిగిపడ్డాయి. ముసలి నావికుడు టార్జై, “చిన్న పడవ దించండి, ఇది ముక్కలైపోద్ది!” అని ఒకటే గోల. కెప్టెనయ్యుండీ నీ అల్లుడు తటపటాయించాడు. నేను వంటగదిలోంచి పైకొచ్చి, “మా నాన్న కట్టిన ఓడ, అంత తొందరగా విడిపోదు. పోవాలంటే నన్ను తోసేసి పొండి” అని అడ్డం నిలబడ్డాను. అంతలోనే ఒక కెరటం ఆ చిన్న పడవను ఎత్తి రాళ్లకేసి కొట్టి పిండి చేసింది. ఇక అందరూ ఓడనే గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. గాలి తగ్గి, ఒడ్డు నుంచి జనం పడవలో వచ్చేదాకా ఓడ మమ్మల్ని మోసింది, ఆఖరివాడు దిగాకే రెండుగా చీలింది. మమ్మల్ని దించినాయన టోపీ తీసి, “ఎవరు కట్టారమ్మా దీన్ని?” అన్నాడు. నీ పేరు గట్టిగా చెప్పాను.

బట్టలన్నీ పోయాయి, అమ్మ పాత ఉన్ని కోటు పంపించు. ఆవు ఈనిందా? నీ నడుం నొప్పి తగ్గిందా? తగ్గితే మంచి ఓక్ దుంగలు చూసి పెట్టు. నీ అల్లుడికి అడగాలంటే మొహమాటం, అందుకే నేనడుగుతున్నాను. ఇంకొకటి కట్టిపెట్టు నాన్నా.

అమ్మకు నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

నీ సిగ్రిద్