అద్దానికి పట్టిన ఊదు పొగ

హబీబ్,

నేను స్కూలుకి వెళ్తున్నాను. ఈ వాన ఇవాళ తగ్గేలా లేదు. జీపు వెనక క్యాంపర్, అదే ఆ చక్రాల గది, తగిలించాక, బయల్దేరే ముందు ముందద్దం లోపలివైపు తుడువు. నిన్న అబ్బా నీ ప్రయాణం బాగా జరగాలని ఫాతెహా చదివి జీపులో ఊదు వేశాడు కదా, ఆ పొగ అద్దానికి జిడ్డులా పట్టింది. ఎదురుబండి లైటు పడితే తెల్లగా కమ్మేసి రోడ్డు కనపడదు. షాంపూ నీళ్లతో తుడిచి, పొడి పేపరుతో రుద్దు. గ్రీజు గుడ్డ వాడకు. ఆవిరి పడితే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పు. లారీల వెనకే పోకు. బురద చిమ్ముతుంది, పైగా వెనక అంత బరువుంటే బండి అనుకున్నచోట ఆగదు.

నేనే తుడుద్దామని వెళ్లాను గానీ చేతులు రాలేదు. లైసెన్సు ముందొచ్చింది నాకు. నీకు క్లచ్ నేర్పింది కూడా నేనే. నా చేతికి తాళాలిచ్చి అబ్బా ఊదు వేసిన రోజు ఒక్కటీ లేదు. అడిగితే "నీకెందుకమ్మా అంత దూరాలు" అంటాడు. నీ పక్కన మాత్రం మారేడుమిల్లి దాకా కూర్చుని వస్తాడట.

నాహిద్ అక్క

అన్నట్టు, అబ్బా కళ్లజోడు తుడిచి టీవీ దగ్గర పెట్టాను. దారిలో నీ డ్రైవింగు మెచ్చుకుంటే, ఇంటికొచ్చి నాకు చెప్పకు.