వి. ఝాన్సీలక్ష్మి భుజం

గుడివాడ, 2006

డాక్టరుబాబుగారికి నమస్కారం.

రేపు నా కుడిభుజం కీలు మార్చేముందు ఇది చదవండి. నిన్న కంప్యూటర్లో ఎముకను తిప్పితిప్పి చూపించి, "మీదే అమ్మమ్మగారూ, ఇది చూపే దారిలో కోసుకుపోవడమే నా పని" అన్నారు. దారి బాగానే ఉంది, ఊరే నాది కాదు. గుడ్లవల్లేరులో బస్సు మీంచి పడ్డప్పుడు విరిగిన నా కుడిభుజం ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ చేతికి తగులుతుంది. మీ బొమ్మలో ఎముక తిన్నగా ఉంది. ఆ మాటంటే నన్ను కళ్ళజోడు మార్చుకోమన్నారు.

కళ్ళజోడుతోనే ఫైలు చదివాను. దాని మీద "వి. ఝాన్సీలక్ష్మి" అని ఉంది. నా ఇంటిపేరు వెలగపూడి. పక్కగదిలో ఉన్న, నాగాయలంక నుంచి వచ్చిన ఝాన్సీలక్ష్మి వల్లూరిపల్లి వారి కోడలు. మీ కంప్యూటరుకు ఇంటిపేరులో పొడి అక్షరం చాలినట్టుంది.

నా ఆపరేషన్ ఆపండి. ఆవిడకు మొన్ననే కుడిభుజం మార్చారట. వేళ్ళు కదలడం లేదని ఏడుస్తోంది. ఆవిడను ఎవరి ఎముక చూసి కోశారండీ?

వెలగపూడి ఝాన్సీలక్ష్మి