తిమోతికి రాసిన మాట

మందమర్రి,
ఆదివారం

తమ్ముడు సుధాకర్‌కు అక్క రాసేది. దేవుడు నిన్నూ నీ ఇంటినీ కాయాలి.

ఎదురుగా కూర్చుంటే నువ్వు పాస్టరువైపోతావు. అందుకే రాస్తున్నాను.

ఇన్నేళ్లూ నేను నడిపించిన శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన ఇకనుంచి నీ బిడ్డ సృజన నడిపిస్తుందని ఇవాళ ఆరాధనలో చెప్పావు. నీ యవ్వనాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదని పౌలు తిమోతికి రాసిన మాట చదివావు. చాప మీద నా పక్కనున్న లస్మవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఏందక్కా, నీకు ముందుగాల జెప్పలేదా?" అన్నది. చెప్పాడన్నాను. దేవుని మందిరంలో కూర్చుని అబద్ధమాడాను, తమ్ముడూ.

నీకు మీసాలు సరిగా రాని రోజుల్లో, "గీ పోరడా మనకు వాక్యం జెప్పేది?" అని సంఘపెద్దలు నవ్వితే, లేచి నిలబడి ఆ వచనం చదివింది నేను. నీకోసం పట్టుకున్న మాటతోనే నన్ను కూర్చోబెట్టావు.

చిన్నవాళ్లు పెద్దలకు లోబడాలని పేతురు రాశాడు. తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడమని ధర్మశాస్త్రంలో ఉంది. అన్నీ ఒకే గ్రంథంలో ఉంటే ఏది పట్టుకోవాలి? నువ్వొకటి చదివితే నేనొకటి చదవగలను. చదివి ఏం చేసుకోను?

ప్రార్థన చివర బొగ్గుబాయిలోకి దిగే మన వాడ మగవాళ్లందరినీ పేరుపేరునా తలచుకుంటాం. నువ్వు ఏ బాయిలోకీ దిగవు. అయినా ఆఖర్న నీ పేరు చెప్పందే ఎన్నడూ ఆమెన్ అనలేదు.

అడిగితే నేనే ఇచ్చేదాన్ని. శుక్రవారం నేను రాను.

సత్తమ్మ


మందమర్రి,
శనివారం

తమ్ముడూ,

రానన్నదాన్ని నిన్న వచ్చాను. పొద్దున్నే సృజన మా గడపలో కూర్చుంది.

"అత్తా, బాయికి పోయేటోళ్ల పేర్లు నాకు రావు. నువ్వు రాకుంటే నేను సుత పోను."

"మీ బాపు ఇచ్చిండు గదనే."

"బాపు ఇచ్చిండు. నువ్వియ్యలే."

టీ పెట్టాను. తాగుతూ అడిగింది: "తిమోతికి రాసింది బాపు నీకెందుకు సదివిండు అత్తా? మాటల, నడతల మాదిరిగ ఉండుమని గా వచనంల ఇంక ఉన్నది. అది నాకు గదా!"

నీ బిడ్డ వెళ్లాక పేతురు పత్రిక తీశాను. లోబడమన్నది చిన్నవాళ్లకు. దానికి పైనే, మంద మీద పెత్తనం చేయొద్దని పెద్దలకు రాసి ఉంది. అది నాది. నీది కూడా. ఎవరికి రాసింది వాళ్లు చదువుకుంటే ఆ మాటలకు తగవు లేదు. మనం ఒకరి ఉత్తరం ఒకరం విప్పి ఎదుటివాళ్ల మీదికి ఎత్తాం.

నిన్న సృజన నిలబడింది, నేను పక్కన కూర్చున్నాను. నేను మెల్లగా ఒక్కో పేరు అందిస్తుంటే తను గట్టిగా చెప్పింది. అందరూ అయిపోయారు. నీ పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది. ఎంత అనుకున్నా రాలేదు. లస్మవ్వ కళ్లు తెరిచి నా మొహం చూసింది.

సృజన తనంతట తనే, "మా బాపు సుధాకర్‌ను సుత కాపాడు ప్రభువా" అన్నది.

ఆమెన్ అన్నాను. ఇప్పటికి నాకు చేతనైంది అంతే.

నీ అక్క